రోమ్‌లో ఉన్నది బంగారు మండపం కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో రోమ్ యాత్ర మీద ఒక పేజీ వేశారు. బాగుంది, సంతోషం. కానీ వాటికన్‌లోని పునీత పేతురు బసిలికా అనే పెద్ద చర్చి లోపలి ఫొటో కింద ‘పోపుగారి బంగారు మండపం’ అని రాశారు, అది చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం. అది బంగారం కాదు, కంచు. దాని మీద అక్కడక్కడా బంగారు పూత ఉంది, అంతే. పోపుగారు కూర్చునే చోటు కూడా కాదు, కింద ఉన్న బలిపీఠానికి పట్టిన గొడుగు. అక్కడివాళ్ళు బాల్డకీనో అంటారు. ఇంత చెప్పి ఆపేయొచ్చు గానీ, బంగారం బంగారం అని అనుకుంటూ పోవడం వల్లే మన వాళ్ళు దాన్ని ఒక్క ఫొటో తీసుకుని, నోరు తెరిచి, ముందుకు నడిచేస్తున్నారు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, చోటు లేకపోతే కత్తిరించుకోండి.

నేను కాజీపేట రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. 2025లో, కేథలిక్కుల పుణ్య సంవత్సరమైన జూబ్లీ ఏడాదిలో, మా విచారణ (అంటే మా చర్చి పరిధి) నుంచి, చుట్టుపక్కల విచారణల నుంచి కొంతమందిమి కలిసి రోమ్ వెళ్ళాం, మా ఇంటావిడ, చిన్నబిడ్డ కూడా వచ్చారు. ఇనుముతో బతికినవాణ్ణి కాబట్టి ఎక్కడికి పోయినా అతుకు ఎక్కడుంది, బరువు దేని మీద పడుతోంది అని చూసే అలవాటు నాకు పోలేదు. మా వాళ్ళకు ఇదొక చిరాకు. రామప్పకు పోయినా ఇదే గోల.

మొదట ఆ గొడుగు అక్కడ ఎందుకు పెట్టారో తెలిస్తే సగం అర్థమైనట్టే. ఆ గుడి నడిమధ్యన మైకెలాంజెలో వేసిన ప్లాన్ ప్రకారం కట్టిన గోపురం ఉంది, ఆయన పోయాక 1590లో పూర్తయింది, నేల నుంచి పైన శిలువ దాకా 136 మీటర్లు. సరిగ్గా దాని కింద బలిపీఠం. ఆ పీఠం కింద యేసు శిష్యుడు పేతురు సమాధి ఉందని మా నమ్మకం, అందుకే గుడి మొత్తానికి అదే గుండె. ఇప్పుడు ఆలోచించండి, అంత పెద్ద బోలు గోపురం కింద మనిషి ఎత్తు పీఠం పెడితే ఎవరికి కనపడుతుంది? పోనీ అని గోడలతో ఒక మండపం కడితే గుడి రెండు ముక్కలవుతుంది, ముందు నిలబడ్డవాడికి వెనకాల ఏమీ కనపడదు. పెద్దదిగా ఉండాలి, కానీ అడ్డం రాకూడదు. ఈ చిక్కును విప్పమని పోపు ఎనిమిదో అర్బన్ పిలిచింది జాన్ లొరెంజో బెర్నీని అనే శిల్పిని. అప్పటికి అతనికి పాతికేళ్ళు. 1624 ప్రాంతంలో మొదలుపెట్టి 1633 జూన్ 29న, పేతురు పౌలుల పండుగనాడు, జనానికి చూపించారు. చిన్నాచితకా పనులు ఆ తర్వాత కూడా నడిచాయి.

అతను చేసిన ఉపాయం ఏమిటంటే, మండపం కట్టకుండా గొడుగు పట్టాడు. మా చర్చిల్లో దివ్యసత్ప్రసాద ప్రదక్షిణ చూసినవాళ్ళకు ఇది వెంటనే తడుతుంది: ఫాదర్‌గారు సత్ప్రసాదం, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పం, పట్టుకుని నడుస్తుంటే నలుగురు మనుషులు నాలుగు కర్రలతో ఒక గుడ్డ చాందినీ ఆయన తల మీద పట్టుకుని నడుస్తారు, అంచులకు కుచ్చులు వేలాడుతుంటాయి, గాలికి ఊగుతుంటాయి. బెర్నీని దాన్నే తీసుకుని దాదాపు 29 మీటర్ల ఎత్తున, అంటే తొమ్మిదంతస్తుల ఎత్తున, కంచుతో నిలబెట్టాడు. కర్రల చోట నాలుగు స్తంభాలు. పైన వేలాడే గుడ్డ అంచులు, కుచ్చులు కూడా లోహమే, అయినా కింద నుంచి చూస్తే ఇప్పుడే గాలి వీచి ఆగినట్టు ఉంటాయి. నాలుగు మూలల నలుగురు దేవదూతలు, పైకప్పు లోపలి వైపు పవిత్రాత్మ పావురం. నాలుగు స్తంభాల మధ్యన మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలోంచి చూస్తే గుడి చివర పేతురు ఆసనం పెట్టిన పెద్ద శిల్పం కనపడుతుంది, అది కూడా ఇదే మనిషి 1657 నుంచి 1666 దాకా చేసింది. వయసులో ఉన్నప్పుడు చేసిన దానిలోంచి పెద్దయ్యాక చేసినది కనపడేట్టు పెట్టుకున్నాడు, గట్టి మనిషే.

ఇక నాకు నచ్చిన సంగతి, స్తంభాలు. నిటారుగా లేవు, మెలి తిరిగి పైకి పోతాయి. ఇది బెర్నీని బుర్రలో పుట్టింది కాదు. ఇదే చోట నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటిన్ చక్రవర్తి కట్టించిన పాత గుడిలో ఇలాంటి మెలి తిరిగిన పాలరాతి స్తంభాలుండేవి, యెరూషలేములో సొలొమోను కట్టించిన దేవాలయం నుంచి వచ్చాయని జనం నమ్మేవారు. ఆ నమ్మకం నిజం కాదని, అవి రోమన్ కాలంలో తూర్పు దేశాల్లో చెక్కినవని పండితులు తేల్చారు. అయితే వాటిని పారేయలేదు. గోపురాన్ని మోసే నాలుగు పెద్ద రాతి దిమ్మల మీద, ఎత్తున ఉన్న బాల్కనీల్లో, ఎనిమిది ఇప్పటికీ ఉన్నాయి. కింద కొత్త కంచువి, పైన పాత రాతివి, తల ఎత్తితే రెండూ ఒకేసారి కనపడతాయి. మా గ్రూపులో తల ఎత్తినవాళ్ళు తక్కువ, అందరూ ఫోన్ ఎత్తారు.

అంత పెద్ద కంచు స్తంభం ఒకే పోతలో రాదు, ఆ సంగతి లోహంతో పనిచేసిన ఎవడైనా చెప్తాడు. ఒక్కోదాన్ని ముక్కలు ముక్కలుగా మైనం అచ్చులతో పోసి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. ఆదిలాబాద్ జిల్లాల్లో ఓజాలనే లోహ పనివాళ్ళు బొమ్మలకు చేసే మైనం పోత కూడా ఈ పద్ధతే: ముందు మైనంతో చేసి, మీద మట్టి కప్పి, కాల్చి, మైనం కరిగి కారిపోయాక ఆ ఖాళీలో లోహం పోయడం. చేతిలో పట్టే బొమ్మకే పోత పగిలితే మళ్ళీ మొదటికొస్తుంది, మరి ఆ సైజుకు ఎంత టెన్షన్ పడి ఉంటారో. స్తంభం కింది భాగంలో మెలి వెంట గాడులు, పైకి పోయాక లారెల్ కొమ్మలు, వాటి మధ్యన చిన్నపిల్లల బొమ్మలు, తేనెటీగలు. గాడులు ఆగి కొమ్మలు మొదలయ్యే చోట చుట్టూ ఆకుల పట్టీ ఉంది. అతుకు అక్కడే దాచి ఉంటారని నా అంచనా, రెయిలింగ్ ఇవతల నుంచి అంతకంటే కనపడలేదు.

బరువు గురించి ఇంకో మాట. గొడుగు పైన మొదట, మృతుల్లోంచి లేచిన క్రీస్తు విగ్రహం పెట్టాలనుకున్నారు. కానీ నాలుగు సన్నటి స్తంభాల మీద అంత బరువు పెడితే అవి పక్కలకు తోసుకుపోతాయని భయపడి మానేశారు, నాలుగు మూలల నుంచి వంపు తిరిగిన దూలాలు పైన కలిసేట్టు చేసి, వాటి మీద గోళం, శిలువ పెట్టారు. ఈ లెక్కల్లో, గీతల్లో ఫ్రాన్‌చెస్కో బొరొమీని చెయ్యి చాలా ఉందని చరిత్ర రాసేవాళ్ళు అంటారు. ఆయన తర్వాత బెర్నీనికి పెద్ద పోటీదారు అయ్యాడు. గైడ్ మాత్రం ఆయన పేరెత్తలేదు, పోత పోసిన మేస్త్రీల సంగతి ఇక అడగక్కర్లేదు.

కంచు ఎక్కడిది అన్నది కూడా మనవాళ్ళు తెలుసుకోవాలి, ఎందుకంటే పుణ్యక్షేత్రం కదా అని అన్నీ చక్కెర పూసి చెప్పనక్కర్లేదు. రోమ్‌లోనే పాంథియన్ అని ప్రాచీన కాలపు గుడి ఉంది, దాని ముందు వసారా పైకప్పును మోసే కంచు దూలాలను 1625లో పోపు విప్పించాడు. వెంటనే జనం ఎగతాళి పట్టుకున్నారు: ‘బార్బేరియన్లు చేయని పని బార్బెరినీలు చేశారు’ అని. బార్బేరియన్లంటే పూర్వం రోమ్‌ను దోచుకున్న తెగలు, బార్బెరినీ అంటే ఆ పోపు ఇంటిపేరు. నిజానికి ఆ కంచులో ఎక్కువ భాగం కోటకు ఫిరంగులు పోయడానికి పోయింది, గొడుగుకు వెనిస్ నుంచి కూడా తెప్పించారు, అయినా ఆ మాట నాలుగు వందల ఏళ్ళుగా ఆయన్ను వదల్లేదు. నాకైతే ఆ జనం మీద గౌరవం కలిగింది. పోపు రాజ్యంలో ఉండి పోపును అంత మాట అన్నారు.

తేనెటీగలు అన్నాను కదా, అవి ఆ బార్బెరినీ వంశం గుర్తు. కుచ్చుల మీద తేనెటీగలు, స్తంభాల మీద తేనెటీగలు, కింది పీఠాల మీద తేనెటీగలు. ఎటు చూసినా ఆయన ఇంటి ముద్రే. మా దగ్గర పాలంపేటలో గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు, 1213లో, గణపతిదేవుడి కాలంలో, అయినా జనం దాన్ని పిలిచేది మాత్రం శిల్పి పేరుతో, రామప్ప గుడి అని. శాసనంలో ఎవరి పేరున్నా నోటి మాటలో పనివాడు గెలిచాడు. ఇది రోమ్ వాళ్ళను తక్కువ చేయడానికి కాదు గానీ, అక్కడ నిలబడ్డప్పుడు నాకు ఆ గర్వం కలిగింది, ఎందుకు దాచుకోవాలి.

ఇప్పుడు అందరూ వదిలేసేది చెప్తాను. స్తంభాల కింద ఉన్న పాలరాతి పీఠాలు. గైడ్ మమ్మల్ని గొడుగు ముందు నిలబెట్టి, ఎత్తు చెప్పి, బంగారం అని చెప్పి (అవును, ఆయన కూడా!), జెండా ఊపుకుంటూ పక్కకు నడిచాడు. మా బిడ్డ వెనక నుంచి “బాపూ, అందరు పోతున్నరు, వస్తలేవేంది” అని ఒకటే పిలుపు. నేను కదల్లేదు, ఎందుకంటే మా ఇంటావిడ అప్పటికే పీఠం వైపు చూస్తూ ఆగిపోయింది. ఆవిడ కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. నాలుగు పీఠాలకు బయటి వైపు రెండేసి చొప్పున ఎనిమిది డాళ్ళు చెక్కి ఉన్నాయి, ఒక్కో డాలు మీద మూడు తేనెటీగలు, డాలు పైన ఒక ఆడమనిషి ముఖం. “ఇది నొప్పులు పడే ముఖం” అంది ఆవిడ. నేను నమ్మలేదు. ఆవిడ ముందు ఎడమ పక్క పీఠం దగ్గర మొదలుపెట్టి చుట్టూ నడిపించింది. ముఖం ఒక్కో చోట మారుతూ పోతుంది, బాధ పెరుగుతుంది, నోరు తెరుచుకుంటుంది, కింద డాలు కూడా కడుపులా ఉబ్బుతూ పోతుంది, చివరి దాని మీద ఆ ఆడమనిషి లేదు, నవ్వుతున్న పసిబిడ్డ ముఖం ఉంది. ప్రపంచంలో అంత పెద్ద కేథలిక్ గుడిలో, పోపు తప్ప ఆయన అనుమతి లేకుండా ఇంకెవరూ పూజ చేయని పీఠం పక్కన, ఒక కాన్పు మొత్తం చెక్కి పెట్టారు. పోపు బంధువుల అమ్మాయికి కాన్పు కష్టమై బతికి బయటపడిందని, అందుకు మొక్కుగా చేయించారని ఒక కథ. కాదు, శ్రీసభ, అంటే కేథలిక్ సంఘం, తల్లిగా బిడ్డల్ని కంటున్నట్టు అర్థం అని ఇంకొందరు. ఏదైనా గానీ, అది చెక్కినవాడు ఆ నొప్పులు దగ్గర నుంచి చూసినవాడే అని మా ఆవిడ తీర్పు, ఆ విషయంలో నేను ఆవిడతో వాదించను.

ఈ ఎనిమిది ముఖాలు చూడాలంటే తీరిగ్గా ఒక చుట్టు తిరగాలి. మాకు యాత్ర ఏర్పాటు చేసినవాళ్ళు గుడి మొత్తానికి ఇచ్చిన టైం చూస్తే అది కుదిరే పని కాదు, మేం గ్రూపు నుంచి విడిపోయి తిట్లు తిని చూశాం. ఆ తర్వాత షాపింగ్‌కు మాత్రం మధ్యాహ్నం అంతా వదిలారు. ఇక్కడ నుంచి అప్పులు చేసి, చిట్టీలు ఎత్తి వెళ్ళేవాళ్ళు ఉన్నారు సార్. మళ్ళీ పోలేరు. బసిలికాలోకి వెళ్ళడానికి టికెట్ లేదు, పొద్దున్నే ఏడింటికి తలుపులు తీస్తారు, ఆ వేళకు క్యూ తక్కువ, తోపులాట ఉండదు. యాత్రలు నడిపేవాళ్ళు ఒక పూట బస్సు తొందరగా బయల్దేరదీస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

ఇంకో విషయం. మేం వెళ్ళేసరికి ఆ గొడుగు కొత్తగా కడిగినట్టు ఉంది, ఎందుకంటే 2024లోనే దానికి పెద్ద రిపేరు చేశారు. అంత పూర్తి స్థాయిలో చేయడం 1758 తర్వాత ఇదేనట. రోజుకు 50 వేల మంది దాకా వచ్చే చోట జనం ఊపిరి, తేమ, వేడి అన్నీ కలిసి లోహం మీద నల్లటి జిడ్డు కట్టింది, లోపలి ఇనుము తుప్పు పట్టింది, పైభాగంలో లోహం కింద ఉన్న కర్ర కదిలింది. జనవరిలో ఫలానా పని చేస్తున్నాం, జూబ్లీకి ముందే అయిపోతుంది, 7 లక్షల యూరోల ఖర్చు నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కేథలిక్ సంఘం పెట్టుకుంటోంది అని అందరికీ ముందే చెప్పారు. ఫిబ్రవరిలో పరంజా వేశారు. అక్టోబర్ 27న ముసుగు తీసేశారు. డిసెంబర్ 24న పోప్ ఫ్రాన్సిస్ జూబ్లీ ద్వారం తెరిచారు.

అదే 2024లో, మార్చి 8న, మన హన్మకొండ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం కూడా మళ్ళీ తెరిచారు. విప్పింది 2006లో. నేను రెండూ ఒకటే అనడం లేదు. ఒకటి తుడిచి బాగుచేయడం, ఇంకోటి పునాది కుంగిన మండపాన్ని రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, పునాది నుంచి మళ్ళీ నిలబెట్టడం, మనదే కష్టమైన పని, చేసిన స్థపతులకు, కూలీలకు దండం పెట్టాలి. నా బాధ వేరే. అన్నేళ్ళలో పోయినప్పుడల్లా అక్కడ ఎవరినైనా ఎప్పటికవుతుంది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవారు. ఏ పని నడుస్తోంది, ఎందుకు ఆగింది, ఎప్పటికి అనుకుంటున్నారు, ఎంత ఖర్చు, ఇవి రాసిన ఒక బోర్డు నిలబెట్టడానికి ఏమవుతుంది? ఆలస్యమైనా జనం అర్థం చేసుకుంటారు, చెప్పకపోతేనే నోటికొచ్చింది అనుకుంటారు. ఖిలా వరంగల్‌లో, రామప్ప చుట్టుపక్కల గుళ్ళలో ఇంకా చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి కాబట్టి ఇప్పుడు అడుగుతున్నాను.

చివరగా మీకొక పని. పెంబర్తి ఇత్తడి పని మీద మీరు అప్పుడప్పుడు రాస్తూనే ఉంటారు, భౌగోళిక గుర్తింపు 2010లో వచ్చింది, కాకతీయుల కాలం నాటి కళ అని, అందరికీ తెలిసినవే. ఈసారి వేరుగా చేయండి. అక్కడ ఇత్తడి రేకును వెనక నుంచి కొట్టి బొమ్మ తేల్చి ధ్వజస్తంభాలకు తొడుగులు, గుళ్ళకు వాహనాలు, తోరణాలు చేసేవాళ్ళ ముందు ఈ రోమ్ గొడుగు ఫొటోలు పెట్టి, వాళ్ళేమంటారో రాయండి. ఏ ముక్క పోత, ఏ ముక్క రేకు, కర్ర మీద తొడిగిన పైభాగం ఎలా కూర్చి ఉంటారు, ఆ వేలాడే అంచులు అంత పల్చగా ఎలా వచ్చాయి, గైడ్లకు తెలియనివి వాళ్ళు చూడగానే చెప్తారని నా నమ్మకం. ఆదిలాబాద్ ఓజాలను కూడా కలపగలిగితే ఇంకా మంచిది.

మా బిడ్డ ఫోన్లో పీఠాలవి ఎనిమిదీ వరుసగా తీసిన ఫొటోలు ఉన్నాయి, ఆకుల పట్టీ జూమ్ చేసి తీసినవీ ఉన్నాయి. మీ వరంగల్ ఆఫీసుకు తెచ్చిస్తాం, డబ్బులేమీ వద్దు. ఆ ఫొటో కింద మాట మాత్రం వచ్చే ఆదివారం సవరించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫాతిమానగర్, కాజీపేట